ఎన్విడియా తీసి ఏఎండీ గ్రాఫిక్స్ కార్డు పెడుతున్నా, ఏ వరుసలో చేయాలి?

గోదావరి_గేమర్:
ఆర్‌టీఎక్స్ 3060 స్థానంలో ఆర్‌ఎక్స్ 7800 ఎక్స్‌టీ పెట్టాలి. కార్డు వచ్చింది, ఇంకా బిగించలేదు. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, 750 వాట్ల పవర్ సప్లై, విండోస్ 11. గేమ్స్‌తో పాటు బ్లెండర్ (3డీ బొమ్మలకి), ఓబీఎస్ (రికార్డింగ్, స్ట్రీమింగ్‌కి) కూడా వాడతా. విండోస్ మళ్లీ వేయాలా, డ్రైవర్ తీసేస్తే సరిపోతుందా?

సర్క్యూట్:
విండోస్ మళ్లీ వేయక్కర్లేదు. పాత డ్రైవర్ శుభ్రంగా పోతే చాలు. కాకపోతే వరుస తప్పొద్దు.

ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్) చూడండి. విండోస్ 11లో డివైస్ ఎన్‌క్రిప్షన్ మనం అడక్కుండానే ఆన్ అయి ఉండొచ్చు. అలా ఉంటే సేఫ్ మోడ్‌కి (విండోస్ కనీస డ్రైవర్లతో తెరుచుకునేది) వెళ్లినా, బయోస్ (బోర్డు సెట్టింగులు) మార్చినా 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి తీసి ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. సేఫ్ మోడ్‌లో పిన్ తీసుకోకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ కూడా గుర్తుండాలి.

తర్వాత అడ్రినలిన్ (ఏఎండీ డ్రైవర్ సాఫ్ట్‌వేర్) పూర్తి ఇన్‌స్టాలర్, డీడీయూ (పాత డ్రైవర్ తుడిచే టూల్) దించుకుని, లాన్ వైరు పీకేసి వైఫై ఆపేయండి. చాలామంది వదిలేసేది ఇదే. నెట్ ఉంటే కొత్త కార్డు కనబడగానే విండోస్ అప్‌డేట్ తన దగ్గరున్న డ్రైవర్ ఎక్కించడం మొదలెడుతుంది. అదే టైంలో మీరు అడ్రినలిన్ నడిపితే డ్రైవర్ ఒక వెర్షన్, సాఫ్ట్‌వేర్ ఇంకో వెర్షన్ అయి కూర్చుంటాయి, అడ్రినలిన్ తెరుచుకోదు.

షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. డీడీయూలో జీపీయూ, ఎన్విడియా ఎంచుకుని ‘క్లీన్ అండ్ షట్‌డౌన్’ నొక్కండి. రీస్టార్ట్ ఆప్షన్ వద్దు. మెషీన్ ఆగాక ప్లగ్ తీసి కార్డు మార్చండి. 5600లో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ లేవు కాబట్టి మానిటర్ కేబుల్ బోర్డు పోర్టుకి పెడితే బొమ్మ రాదు, కార్డుకే పెట్టాలి. మొదటిసారి స్క్రీన్ తక్కువ రెజల్యూషన్‌లో వస్తుంది, కంగారొద్దు. అడ్రినలిన్ వేసి, రీస్టార్ట్ చేశాకే నెట్ కలపండి.

వోల్టేజ్‌వాలా:
750 వాట్లు చాలు. ఈ కార్డు 263 వాట్లు లాగుతుంది, ఏఎండీ అడిగేది 700. అసలు జాగ్రత్త కేబుల్ దగ్గర. 3060లకి ఎక్కువగా ఒక 8 పిన్‌తో సరిపోతుంది, దీనికి రెండు కావాలి. ఒకే కేబుల్ చివర రెండు తలలు ఉంటాయి చూడండి, ఆ రెండూ గుచ్చి వదిలేయకండి. లోడ్ మొత్తం పవర్ సప్లై వైపు ఒకే సాకెట్ మీద పడుతుంది. గేమ్ మధ్యలో స్క్రీన్ నల్లబడి రీస్టార్ట్ అవుతుంటే, డ్రైవర్‌ని తిట్టే ముందు చూడాల్సింది ఇదే. రెండు వేరు వేరు కేబుళ్లు వాడండి.

ఇంకో పవర్ సప్లైతో వచ్చిన మాడ్యులర్ కేబుల్ అస్సలు పెట్టొద్దు. సాకెట్‌లో పట్టినా లోపల పిన్నుల వరుస వేరుగా ఉండొచ్చు, కార్డు కాలిపోతుంది. 4+4 అని ఉన్నది ప్రాసెసర్‌ది, కార్డుకి 6+2 మాత్రమే.

నైట్‌రెండర్:
డ్రైవర్ కుదురుకున్నాక బయోస్‌లో ‘అబవ్ 4జీ డీకోడింగ్’, ‘రీసైజ్ బార్’ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకోవడానికి) ఆన్ చేయండి, సీఎస్‌ఎం (పాత తరహా బూట్ పద్ధతి) ఆఫ్ ఉండాలి. ఆఫ్ చేసే ముందు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో విండోస్ ఉన్న డిస్క్ జీపీటీయా (కొత్త తరహా పార్టిషన్ పద్ధతి) కాదా చూసుకోండి. ఎంబీఆర్ (పాత తరహా) అయితే విండోస్ బూట్ కాదు. అడ్రినలిన్‌లో ‘స్మార్ట్ యాక్సెస్ మెమరీ’ (రీసైజ్ బార్‌కి ఏఎండీ పెట్టిన పేరు) ఎనేబుల్డ్ అని కనిపిస్తే పని అయినట్టే.

బ్లెండర్‌లో ప్రిఫరెన్సెస్, సిస్టమ్‌లోకి వెళ్లి ఆప్టిక్స్ (ఎన్విడియాది) బదులు హిప్ (ఏఎండీది) ఎంచుకోండి, లేకపోతే సైకిల్స్ (బ్లెండర్ రెండర్ ఇంజిన్) రెండర్ ప్రాసెసర్ మీద నడుస్తుంది. పాత ఫైళ్లలో డీనాయిజర్ (బొమ్మలో చుక్కలు తీసేది) కూడా ఆప్టిక్స్ ఉంటే ఓపెన్‌ఇమేజ్‌డీనాయిజ్‌కి మార్చండి. కుడా (ఎన్విడియా కార్డుల సొంత సాఫ్ట్‌వేర్ వేదిక) మీదే ఆధారపడే యాడాన్లు ఈ కార్డు మీద నేరుగా పనిచేయవు. ఓబీఎస్ పాత ప్రొఫైల్‌లో ఎన్‌వెంక్ (ఎన్విడియా వీడియో ఎన్‌కోడర్) ఉంటుంది, రికార్డింగ్ మొదలవదు. ఏఎండీ హార్డ్‌వేర్ ఎన్‌కోడర్‌కి మార్చండి. యూట్యూబ్ స్ట్రీమ్‌కైతే ఏవీ1 (కొత్త వీడియో కోడెక్) పెట్టండి, అదే బిట్‌రేట్‌లో బొమ్మ నీట్‌గా వస్తుంది.

గోదావరి_గేమర్:
థాంక్యూ అన్నలూ. మానిటర్ మీద ‘జీ-సింక్ కంపాటిబుల్’ అని ఉంది. ఇక సింక్ (ఫ్రేమ్‌ల వేగానికి మానిటర్ వేగం కలిపేది) పోయినట్టేనా?

సర్క్యూట్:
పోదు. కంపాటిబుల్ అంటే లోపల ఉన్నది అడాప్టివ్ సింకే. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తో కలిపి, మానిటర్ మెనూలో అడాప్టివ్ సింక్, అడ్రినలిన్‌లో ఫ్రీసింక్ (దీనికి ఏఎండీ పేరు) రెండూ ఆన్ చేయండి. రంగులు వెలిసినట్టుంటే డిస్‌ప్లే ట్యాబ్‌లో పిక్సెల్ ఫార్మాట్‌ని ఆర్‌జీబీ 4:4:4 ఫుల్‌కి పెట్టండి.