పాత నాటకశాలను నాట్య పాఠశాలగా మార్చాలి: వాలు నేలను ఏమి చేయమంటారు?

తరంగం_కడప

కడపలో బుగ్గవంకకు దగ్గరగా మా అత్తవారికి ఒక పాత హాలు ఉంది. స్వాతంత్ర్యానికి ముందు మామగారి తండ్రి నాటకాల కోసం కట్టించారు. తర్వాత తెర కట్టి సినిమాలు ఆడించారు. అదీ మూతపడ్డాక వేరుశనగ బస్తాలకు గోదాముగా ఇచ్చారు. ఇప్పుడు ఖాళీ. నేను కూచిపూడి నేర్పుతాను, ఇన్నాళ్లూ అద్దె మేడల మీదే. పిల్లలు గట్టిగా అడుగు వేస్తే చాలు, కింది వాటావాళ్లు వచ్చి తలుపు కొడతారు. అందుకే ఈ హాలును పాఠశాల చేద్దామని ఇంట్లో అందరినీ ఒప్పించాను.

డంగుసున్నంతో కట్టిన రాతి గోడలు. పైన టేకు దూలాలు, వాటి మీద సినిమా రోజుల్లో వేసిన ఆస్బెస్టాస్ రేకులు. రంగస్థలం కడప రాతి పరుపుతో అలాగే ఉంది. సినిమా తెర వెనక్కి వెళ్లి తల ఎత్తితే పరదాలు లాగిన చెక్క కప్పీలు కనిపిస్తాయి. ఒకదాని గాడిలో నూనె ఎండిపోయిన తాడు ముక్క ఇంకా ఇరుక్కుని ఉంది. సురభి వారు 1885లో మన జిల్లాలోని సురభి గ్రామంలోనే కీచకవధతో మొదలుపెట్టారు కదా, వాళ్లు మా హాలుకూ వచ్చి ఆడారని ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం ఏదీ దొరకలేదు కాబట్టి బోర్డు మీద మాత్రం రాయించను.

చిక్కంతా నేలతోనే. నేల టికెట్టు వైపు నుంచి కుర్చీల వైపుకు ఎత్తు పెరుగుతూ పోయి, చివరికి నడుము దాకా తేడా వస్తుంది. మట్టి పోసి చదును చేసి గ్రానైట్ పరుస్తానంటాడు కాంట్రాక్టరు. "గుడిలా మెరిసిపోతుందమ్మా" అని ఊరిస్తున్నాడు. మెరిస్తే నాకేమిటి? చెమట పట్టిన పాదం జారితే పిల్ల పడుతుంది. అంత గట్టి రాతి మీద ఎనిమిదేళ్ల పిల్లలు రోజూ కత్తెర నాటు అడుగు వేస్తే మోకాళ్లు ఏమవుతాయి? తెలిసినవారు చెప్పండి.

డంగుసున్నం

అమ్మా, మట్టి మాత్రం పోయించకండి. పోసిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది, పైన రాయి పగులుతుంది. వంక పక్కన అంటున్నారు, ఆ మట్టి తేమ పట్టి గోడలకు ఎక్కిస్తుంది. సున్నపు గోడ తేమను పీల్చి బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి సున్నం పొడిపొడిగా రాలిపోతుంది. కాబట్టి గోడలకు మరమ్మతు కూడా సున్నంతోనే చేయించండి.

పాత నేలను కదపకుండా దాని పైన చెక్క నేల వేయించుకోవచ్చు. వాలును బట్టి ఎత్తు తగ్గిస్తూ ఇటుక దిమ్మెలు, వాటి మీద దళసరి రబ్బరు ముక్కలు, ఆపైన అడుగున్నర ఎడంతో వాసాలు. వాటి మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు, ఒక పొర అతుకు మీద రెండోదాని అతుకు పడకుండా. అడుగు పడినప్పుడు ఆ రబ్బరు, వాసం కొంచెం దిగి లేస్తాయి. మోకాలికి తగలాల్సిన దెబ్బలో కొంత అక్కడే ఆగుతుంది. నునుపు వార్నిష్ వద్దు. కింద గాలి ఆడేలా గోడ పొడవునా జాలీలు పెట్టించి, ముందే చెద మందు కొట్టించండి.

హాలంతా చదును చేయాల్సిన పని కూడా లేదు. వెనక మూడో వంతు వాలు అలాగే వదిలేస్తే ప్రదర్శన రోజున తల్లిదండ్రులు కూర్చోవడానికి పనికొస్తుంది.

పక్క తలుపులు బయటికి తెరుచుకుంటున్నాయా? వాటిని పూడ్చి అద్దాలు బిగించాలని ఎవరైనా అంటే వినకండి. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు అగ్నిప్రమాదంలో 59 మంది పోయారు. అక్కడ బాల్కనీలో ఒక దారికి అడ్డంగా అదనపు సీట్లు వేసి ఉన్నాయి. రేకులను రంపంతో కోయించవద్దు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. నీళ్లతో తడిపి, మేకులు విప్పి, విరగకుండా దింపించాలి.

రీలుపెట్టె

తల్లీ, నేను చాలా ఏళ్లు ఆపరేటరుగా చేసినవాణ్ని. ప్రొజెక్టరు గదిని పగలగొట్టించకు. హాలువైపు చదరపు కంతలు, వాటి మీదికి జారే ఇనుప తలుపులు ఉంటాయి చూడు. పాతకాలపు నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకునేది, మంట హాలులోకి రాకుండా వాటిని పడేసేవాళ్లం. ప్రొజెక్టరు వెలుగు కోసం మండించే కార్బన్ కడ్డీల పొగ పోయే గొట్టం కూడా పైకప్పు దాకా ఉంటుంది. దానికి ఒక ఫ్యాను బిగిస్తే కడప ఎండలకు లోపలి వేడి గాలి పైకి లాగేస్తుంది.

గోడలకు చిల్లుల అట్టలు గానీ పీచు పలకలు గానీ ఉంటే పీకించవద్దు. మాట స్పష్టంగా వినిపించడానికే వాటిని కొట్టారు. ఖాళీ హాలులో ఒక్క చప్పట కొట్టి చూడు, ఎంత సేపు మోగుతుందో నీకే తెలుస్తుంది.

లాభనష్టాలు

ఇంత అవస్థ దేనికండీ? కూల్చి దుకాణాల సముదాయం కట్టి అద్దెకిస్తే నెల తిరిగేసరికి డబ్బు. పై అంతస్తులో నాట్యం నేర్పుకోవచ్చు.

తరంగం_కడప

పై అంతస్తులోనే ఇన్నాళ్లూ నేర్పానండీ. కింది దుకాణంవాళ్లు వచ్చి తలుపు కొట్టడం ఒక్కటే తక్కువ.

మద్దెల

అక్కా, నేను ప్రొద్దుటూరులో నేర్పుతాను. చెక్క నేల అడుగులకు మంచిదే కానీ, పళ్లెం అంచు మీద నిలబడి ఆడే తరంగానికి ఇబ్బంది. ఇత్తడి పళ్లెం అంచు కొత్త ప్లైవుడ్‌ను గీరేస్తుంది, కొన్నాళ్లకు ఆ గీతల్లో పాదాలకు పేళ్లు గుచ్చుకుంటాయి. రంగస్థలం మీది రాతి పరుపును దానికి ఉంచుకోండి. ఆ పెద్దాయన చప్పట గురించి చెప్పింది నిజం. హాలు మోగితే తాళం, గజ్జె, జతి అన్నీ కలిసిపోయి ఎవరు తప్పు వేశారో వినపడదు. అద్దాలు ఒక్క గోడకే పెట్టి, ముందు పరదా వేయించండి. అద్దం చూసుకుంటూ నేర్చుకున్న పిల్లలకు సభలో చూపు ఎక్కడ నిలపాలో తెలియదు.

తరంగం_కడప

చప్పట కొట్టి చూశాను. మా అబ్బాయి వాకిట్లో నిలబడి కూడా విన్నాడు. ఎడమ గోడకు పీచు పలకలు సగం మిగిలాయి, కుడివైపు ఎలుకలు మిగల్చలేదు.

రాతి పరుపు తరంగానికే ఉంచుతాను. వెనక వాలును కదపను. నగరపాలక సంస్థ, అగ్నిమాపక శాఖ అనుమతుల కోసం పటం గీయిస్తున్నాను. గ్రానైట్ లేదని తెలిశాక కాంట్రాక్టరు ఫోను ఎత్తడం మానేశాడు, కనుక వడ్రంగి కావాలి. నాట్యానికే వేసి ఉండనవసరం లేదు. ఇండోర్ షటిల్ కోర్టులకు చెక్క నేల వేసినవారు కడప, ప్రొద్దుటూరు వైపు ఎవరైనా తెలిస్తే చెప్పండి, వాసాల పని దాదాపు ఒకటే కదా.