ప్రభుత్వ పనులు ఆన్‌లైన్‌లో చేసుకుంటారా, ఆఫీసుకే వెళ్తారా?

కాగితంపులి: బ్యాంకు పనులు, టికెట్లు అన్నీ ఫోన్‌లోనే కానిచ్చేవాళ్లు కూడా ప్రభుత్వ దరఖాస్తు అనేసరికి "ఎందుకైనా మంచిది, ఆఫీసుకే వెళ్దాం" అంటున్నారు. మా ఇంట్లో నేను తప్ప అందరూ అంతే. ఫోన్ వాడటం రాదనుకుందామా అంటే నాకంటే బాగా వాడతారు. మరి ఎందుకీ జంకు? మీ అనుభవాలు చెప్పండి.

రెండోరసీదు: ఆ జంకులో లెక్క ఉందండీ. టికెట్ తప్పుగా బుక్ అయితే ఆ డబ్బుతో పోతుంది. పుట్టినతేదీ తప్పుగా ఎక్కితే దిద్దించుకోవడానికి ఎన్ని కాగితాలు, ఎంత టెన్షన్! పైగా ఆఫీసులో ఫారం చూసిన మనిషి "ఇక్కడ సంతకం లేదు" అని అప్పటికప్పుడే చెప్తాడు. వెబ్‌సైట్ మాత్రం అన్నీ తీసుకుని "పరిశీలనలో ఉంది" అంటుంది. చాలా రోజుల తర్వాత "తిరస్కరించబడింది" అని ఒక్క ముక్క. ఎందుకో చెప్పదు, ఎవరిని అడగాలో అసలే చెప్పదు.

రాత్రిడ్యూటీ: నాది పూర్తిగా వేరే అనుభవం. ఆఫీసు తెరిచే వేళకు నేను నిద్రలో ఉంటాను. అర్ధరాత్రి కూర్చుని దరఖాస్తు పెట్టుకోగలిగితే సెలవు మిగిలినట్టే. అయినా ఓపిగ్గా తప్పు చూపించే ఉద్యోగి మీకు దొరికాడు కాబట్టి అలా అంటున్నారు. "రేపు రండి" అనేవాళ్లే నాకు ఎదురయ్యారు.

అక్షరదోషం: ఫొటో సైజు, మధ్యలో సెషన్ అయిపోవడం, డబ్బు కట్ అయి రసీదు రాకపోవడం... ఇవి అందరికీ తెలిసినవే. నా గొడవల్లా పేరుతోనే. ఒక రికార్డులో ఇంటిపేరు ముందుంది, ఇంకోదాంట్లో చివర ఉంది. మనిషైతే చూడగానే ఒకరేనని తెలుసుకుంటాడు. సిస్టం మాత్రం "వివరాలు సరిపోలలేదు" అంటూనే ఉంటుంది.

సర్వర్‌సన్యాసి: ఈ రంగంలో పనిచేస్తున్నాను కాబట్టి ఒక ఉదాహరణ. యూరప్‌లోని ఎస్తోనియాలో 2001 నుంచి ఎక్స్-రోడ్ అనే ఏర్పాటు ఉంది. ఏ శాఖ సమాచారం ఆ శాఖ దగ్గరే ఉంటుంది, అవసరమైనప్పుడు ఒకదాన్నొకటి అడిగి తీసుకుంటాయి. 2005 నుంచి ఎన్నికల్లో ఇంటర్నెట్ ఓటు కూడా ఉంది. నాకు నచ్చింది ఇంకొకటి: మన వివరాలను ఏ శాఖ చూసిందో చాలావరకు మనమే పోర్టల్‌లో చూసుకోవచ్చు. 2017లో అక్కడి గుర్తింపు కార్డుల చిప్‌లో లోపం బయటపడింది. దాదాపు 7.5 లక్షల కార్డుల మీద దాని ప్రభావం. ప్రభుత్వం దాన్ని బహిరంగంగా ఒప్పుకుని, ఆ కార్డుల డిజిటల్ సర్టిఫికెట్లను (ఆన్‌లైన్‌లో మనం మనమేనని రుజువు చేసేవి) ఆపి, కొత్తవి తీసుకోమంది. జనం మళ్లీ కాగితాల దారి పట్టలేదు.

కాగితంపులి: దాని జనాభా 13 లక్షల పైచిలుకే కదా?

సర్వర్‌సన్యాసి: చిన్న దేశమే, కాదనను. కానీ "మీ ఫైలు ఎవరు చూశారు" అన్నది చూపించడానికి జనాభాతో పనేముంది?

పాతఫైలు: రెండోవైపు కూడా చూడాలి. ఆస్ట్రేలియాలో రోబోడెట్ అని ఒకటి నడిచింది. ప్రభుత్వ సాయం అందుకునేవాళ్ల ఏడాది ఆదాయాన్ని రెండేసి వారాల లెక్కన సమానంగా పంచి, ఆ సగటుతో వాళ్లు ప్రభుత్వానికి తిరిగి కట్టాల్సిన బాకీని కంప్యూటర్ లెక్కగట్టేది. కొన్ని నెలలే పని దొరికినవాళ్లకు ఆ లెక్క ఎలా కుదురుతుంది? బాకీ లేదని నిరూపించుకునే భారమంతా నోటీసు అందుకున్నవాళ్ల మీదే పడింది. 2019లో కోర్టులో అది చెల్లదని తేలింది, 2023లో విచారణ కమిషన్ గట్టిగా తప్పుపట్టింది. అలాంటిది చూశాక జనం "మాకో మనిషిని చూపించండి" అంటే పాతకాలపువాళ్లని తీసిపారేయగలమా?

ఓటీపీబాధితురాలు: మా అమ్మ పనులన్నీ నేనే ఆవిడ పాస్‌వర్డ్‌తో చేస్తాను. నిబంధనల ప్రకారం తప్పే, కానీ వేరే దారేది? ఆవిడ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, చదివి చెప్పేలోగా గడువు అయిపోతుంది. డెన్మార్క్‌లో 2014 నవంబరు నుంచి 15 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ఉత్తరాలు డిజిటల్‌గానే వస్తాయి. చేతకానివాళ్లు మినహాయింపు అడగొచ్చు, తమ ఉత్తరాలు చదివే హక్కును ఇంట్లోవాళ్లకు అధికారికంగా ఇవ్వొచ్చు. ఇలాంటి ఏర్పాటు ప్రతిచోటా ఉండాలి.

రాత్రిడ్యూటీ: అన్నట్టు, గూగుల్‌లో పైన కనిపించే లింకులన్నీ ప్రభుత్వానివి కావు. ఉచితంగా అయ్యే పనికి డబ్బు గుంజే సైట్లు ఉంటాయి. అడ్రస్ చూసుకోండి.

చెవులతో_చదువరి: నాకు చూపు లేదు. ఆఫీసుకు వెళ్తే నా ఫారం ఇంకెవరో నింపుతారు. ఆదాయం, జబ్బు, ఇంటి సంగతులు అన్నీ పక్కవాళ్లకు వినపడేలా అడుగుతారు. ఆన్‌లైన్ అయితే తెరమీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పెట్టుకుని నా వివరాలు నేనే రాసుకుంటాను. అందుకే మీ అందరికంటే నాకు ఇది ఎక్కువ కావాలి. కానీ చివర్లో బొమ్మలోని అక్షరాలు టైప్ చేయమంటారు, అక్కడే ఆగిపోతాను. ఆడియో క్యాప్చా పెట్టినా అందులో గోల తప్ప అంకెలు వినపడవు.

సర్వర్‌సన్యాసి: క్యాప్చా బదులు ఫోన్‌కో మెయిల్‌కో కోడ్ పంపితే సరిపోతుందండీ, పెద్ద పనేం కాదు. ఏ సైటో చెప్పకుండా ఆ పేజీలో ఏం వినపడిందో ఇక్కడ రాయండి, ఫిర్యాదు ఎలా రాయాలో చెప్తాను.