నిధులు ‘మురిగిపోవడం’ తప్పు ప్రయోగమా?

ప్రశ్న: ‘మార్చి నెలాఖరుకు నిధులు మురిగిపోయాయి’ అని పత్రికలు రాస్తుంటాయి. డబ్బు మురగడమేమిటి? ‘రద్దయ్యాయి’ అంటే సరిపోదా?

— సరిపోదండీ. రద్దు చేయాలంటే ఎవరో ఒకరు పూనుకోవాలి. ఇక్కడ ఎవరూ ఏమీ చేయరు, గడువు దాటిపోతుంది, అంతే. గుడ్డు మురుగుతుంది, ఓటు మురుగుతుంది, అలాగే ఇదీ. కాకపోతే మురిగేది పైకం కాదు, అనుమతి. చట్టం లేనిదే సంచిత నిధి (ప్రభుత్వ రాబడి చేరే ప్రధాన ఖజానా) నుంచి పైసా తీయకూడదని రాజ్యాంగం 266వ అధికరణలో ఉంది. శాసనసభ ఒక్కో శాఖ పద్దుకూ ఓటేశాక, 204వ అధికరణ కింద ఆ సొమ్ము తీయడానికి అనుమతించే ద్రవ్య వినిమయ బిల్లు వస్తుంది. ఆసుపత్రి మందులు, పంతుళ్ల జీతాలు, కాలువల పూడికతీత, అన్నిటికీ దారి అదే. సభ ఒప్పుకున్న మొత్తాలను మార్చే సవరణ కూడా ఆ దశలో చెల్లదు. ఆ అనుమతికి ఆయుష్షు మార్చి 31 దాకానే. మిగిలిన సొమ్ము ఖజానాలోనే ఉంటుంది, తీసే అధికారం పోతుంది.

— మాది కోనసీమ. మాకు ఈ తేదీతో వచ్చిన చిక్కు వేరండీ. దాళ్వాకు, అంటే రబీ వరికి, నీళ్లు ఇచ్చి, ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. ధవళేశ్వరం నుంచి మళ్లీ వదిలేది జూన్‌లో. లాకుల మరమ్మతులకైనా, పూడిక తీయడానికైనా ఉన్నవి ఆ కొద్ది వారాలే. తీరా పని చేయగల రోజులు వచ్చేసరికి పాత అనుమతి మురిగి ఉంటుంది, కొత్తది అప్పుడే పుట్టి ఉంటుంది. టెండరు కాగితాలు తేలేలోపు సార్వా (ఖరీఫ్) నీళ్లు వచ్చేస్తాయి. డ్రెయిన్లలో గుర్రపు డెక్క చాప పరిచినట్టు అలాగే ఉంటుంది. ఒక్క పెద్ద వాన పడితే నారుమళ్లు మునుగుతాయి. నిధులు మురిగితే మా మురుగు కదలదు, ఇక ఆ మాట తప్పెలా అవుతుంది?

— ఏప్రిల్ నాటికి పూర్తి బడ్జెట్ లేకపోయినా ఖర్చు ఆగదు లెండి, 206వ అధికరణ కింద ఓటాన్ అకౌంట్, అంటే కొన్ని నెలల ఖర్చుకు ముందుగా ఇచ్చే తాత్కాలిక అనుమతి, ఉంది. 2024లో ఎన్నికల వల్ల మన ఆంధ్రప్రదేశ్ అలాగే నెట్టుకొచ్చింది, పూర్తి బడ్జెట్ నవంబరు 11న గాని రాలేదు. మీరు పట్టుకోవలసింది అసలు ‘వినిమయం’ అన్న మాటను. ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే మాట అది, వస్తు వినిమయం అంటాం కదా. హిందీలో ఇదే బిల్లును ‘వినియోగ్’ విధేయకం అంటారు. సభ ఎవరికిచ్చి ఏం పుచ్చుకుంటోందని?