క్లైమేట్ లాలో ఎల్‌ఎల్‌ఎం (లా పీజీ) చేస్తే మన కోర్టుల్లో పనికొస్తుందా?

కోవూరు_జూనియర్: లా అయిపోయి నెల్లూరులో ఒక సీనియర్ దగ్గర చేరాను. చెక్కు బౌన్సులు, పార్టిషన్ సూట్లు చూస్తున్నాను. నాకేమో వాతావరణ మార్పుల చట్టం మీద ఎల్‌ఎల్‌ఎం చెయ్యాలనుంది. ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకటే మాట, మన జిల్లాలో ఆ కేసులెక్కడున్నాయని. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఆ వరదలో పొలాలు, ఇళ్లు పోగొట్టుకున్న మా వాళ్లకి ఎవర్ని ఏ సెక్షన్ కింద అడగాలో చెప్పేవాళ్లే దొరకలేదు. చదవనా, ప్రాక్టీసులోనే ఉండిపోనా?

ఒంగోలు_ప్లీడరు: చదువొద్దని అనను గానీ ఇప్పుడే వద్దమ్మా. వాతావరణ మార్పులకంటూ మన దేశంలో విడిగా ఒక చట్టమే లేదు. ఉన్నవి 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం, 1986 పర్యావరణ చట్టం. అవి ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. మునిగిన పొలం ఫోటోలు రైతు ఫోన్‌లో తెస్తాడు. వాటికి భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద, ఫోన్ రికార్డులకి కావలసిన సర్టిఫికెట్ జత చెయ్యకపోతే అవతలి వకీలు అక్కడే అడ్డం పడతాడు. వాతావరణ మార్పుల మీద దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం కంఠతా వచ్చినా ఆ సర్టిఫికెట్ రాయడం రాదు. ముందు మున్సిఫ్ కోర్టులో సాక్షిని క్రాస్ చెయ్యడం నేర్చుకో.

కావలి_చెన్నై: నేను చెన్నైలో హరిత ట్రిబ్యునల్ (పర్యావరణ వివాదాలు వినే ఎన్‌జీటీ) కేసులు చేస్తుంటాను. ప్లీడరు గారూ, సర్టిఫికెట్ గురించి మీరన్నది నిజమే. ఇంట్లో చదువుకోవచ్చన్న దగ్గరే నాకు పేచీ.

విడవలూరు వైపు ఒక రైతు బావి, పక్కన రొయ్యల గుంటల వల్ల ఉప్పెక్కిందనుకోండి. అలవాటు కొద్దీ సివిల్ సూటు వేస్తాం. హరిత ట్రిబ్యునల్ చట్టం 29వ సెక్షన్ సివిల్ కోర్టుకి ఆ దారి మూసేసింది. ట్రిబ్యునల్‌కి 14వ సెక్షన్ కింద వివాదం తేల్చమని వెళ్తే గడువు ఆరు నెలలు, 15వ సెక్షన్ కింద నష్టపరిహారం అడిగితే ఐదేళ్లు. ఏది ఎంచుకున్నామన్న దాని మీదే కేసు బతుకుతుంది. తర్వాత ఆ గుంటకి 2005 కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని చూడాలి. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల చెరువులు తీసెయ్యమంది, పులికాట్ సరస్సు చుట్టూ వెయ్యి మీటర్ల లోపల ఉండకూడదంది. ఆ తీర్పులో మన నెల్లూరు పల్లెల తాగునీటి గోడు కూడా ఉంది. ఆ తర్వాత వచ్చిన 2005 చట్టం తీరంలో రొయ్యల సాగుకి మళ్లీ దారిచ్చింది. ఈ చట్టాలన్నీ పక్కపక్కన పెట్టి ఏది దేన్ని కొడుతుందో చూడటం ఎవరైనా దగ్గర కూర్చోబెట్టి నేర్పాలి.

ఇంకోటి. 2024 మార్చి 21న రంజిత్‌సింహ్ కేసులో సుప్రీంకోర్టు, వాతావరణ మార్పుల దుష్ఫలితాల నుంచి రక్షణ రాజ్యాంగం 14 (సమానత్వం), 21 (జీవించే హక్కు) అధికరణాల్లోనే ఉందని చెప్పింది. బాగుంది. కానీ ఆ కేసు రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేక పక్షికీ సోలార్ కరెంటు లైన్లకీ మధ్య నడిచింది. ఆ హక్కు మాట సౌర విద్యుత్తు అవసరాన్ని నిలబెట్టడానికి వాడారు. ఇది చూసుకోకుండా పెన్నా వరద మీద హైకోర్టులో వేసే రిట్‌లో ఆ తీర్పు పేరా ఎత్తి అతికిస్తే నిలవదు.

కనిగిరి_మెట్ట: మా వైపు వరద సంగతి దేవుడెరుగు, వానే లేదు. కౌలు రైతుకి పంట ఎండితే పరిహారం లిస్టులో పేరుండదు. ఎందుకంటే కౌలు కార్డు లేదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం భూమి యజమాని సంతకం పెడితేనే కార్డు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం. మీ ఎల్‌ఎల్‌ఎంలో ఇది ఉంటుందా? లేకపోతే మాకెందుకది?

ఒంగోలు_ప్లీడరు: సరిగ్గా అడిగావు. ఆ క్లాసుల్లో చెప్పేదంతా పైదేశాల తీర్పులే.

కావలి_చెన్నై: పైదేశాలని తీసెయ్యకండి సార్. పసిఫిక్ దీవుల లా విద్యార్థులు 2019లో క్లాసులో మొదలుపెట్టిన ప్రయత్నమే వనువాటు ప్రభుత్వం భుజానికెత్తుకుంటే అంతర్జాతీయ న్యాయస్థానం దాకా పోయింది. 2025 జులై 23న ఆ కోర్టు అభిప్రాయం చెప్పింది, వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టపరమైన బాధ్యతేనని.

ఒంగోలు_ప్లీడరు: అది సలహా మాత్రమే. దాన్ని పట్టుకుని ఈపీ (తీర్పు అమలు చెయ్యమనే పిటిషన్) వెయ్యలేం కదా.

కావలి_చెన్నై: వెయ్యలేం. రిట్‌లో వాదనకి బలం మాత్రం వస్తుంది. చెల్లీ, అప్పు చేసి లండన్ పోవద్దు. క్లాట్ పీజీ ప్రవేశ పరీక్ష రాసి విశాఖ దామోదరం సంజీవయ్య వర్సిటీకో, హైదరాబాద్ నల్సార్‌కో ప్రయత్నించు. సిలబస్‌లో లేకపోతే కనిగిరి అన్న చెప్పిన కౌలు కార్డునే డిసర్టేషన్‌ (పరిశోధన పత్రం) టాపిక్‌గా తీసుకో. అది వాతావరణ చట్టం కాదని ఎవరన్నా అంటే వాళ్లతో వాదించు. కరువొచ్చినా వరదొచ్చినా నష్టం ఎవరిదో తేల్చేది ఆ కాగితమే.

కోవూరు_జూనియర్: ఆ టాపిక్కే తీసుకుంటానన్నా. దరఖాస్తుకి ముందే 2021 వరద పరిహారం జాబితాలు, మా మండలానివి, ఆర్టీఐలో అడగాలనుకుంటున్నా. తహసీల్దారు ఆఫీసుకి పెట్టాలా, కలెక్టరేట్‌కా?

ఒంగోలు_ప్లీడరు: చదువు విషయంలో నా మాట మారలేదు. ఆర్టీఐ మాత్రం తహసీల్దారు ఆఫీసులోనే పెట్టమ్మా. వాళ్ల దగ్గర లేకపోతే ఆర్టీఐ చట్టం సెక్షన్ 6(3) కింద ఐదు రోజుల్లో వాళ్లే అవతలికి పంపాలి. పేర్లు మాత్రమే అడక్కు. ఊరు, సర్వే నంబరు, సాగు చేసింది సొంతదారా కౌలుదారా అన్న కాలమ్ కూడా కావాలని రాయి.