పౌరసత్వ దరఖాస్తు: అపోస్టిల్ ముందా, అనువాదం ముందా?

ప్రశ్న

నమస్కారం. పౌరసత్వానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను. పుట్టింది ఒక దేశంలో, పెళ్లి జరిగింది ఇంకో దేశంలో, ఇప్పుడు దరఖాస్తు చేయాల్సింది మూడో దేశంలో. జనన ధ్రువపత్రంలో నా ఇంటిపేరు పూర్తిగా ఉంది. పాస్‌పోర్టులో ఒక్క అక్షరమే ఉంది. వివాహ ధ్రువపత్రంలో అది పేరు చివరికి చేరింది. రెండు ధ్రువపత్రాలకూ అపోస్టిల్ (ఒక దేశపు పత్రం ఇంకో దేశంలో చెల్లడానికి వేసే అధికారిక ధ్రువీకరణ ముద్ర), అనువాదం కావాలన్నారు. ఏది ముందు చేయించాలి? పేర్ల తేడాకు నోటరీ దగ్గర అఫిడవిట్ రాయిస్తే చాలదా? పోలీసు క్లియరెన్స్ కూడా ఇప్పుడే తెచ్చి పెట్టుకుందామనుకుంటున్నాను.

జవాబు

నేను పత్రాల అనువాదకురాలిని. ఇలాంటి కాగితాలతోనే నా పని కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను. పేరు సంగతి తేలేదాకా ఒక్క ముద్ర కూడా వేయించకండి.

చాలామంది అపోస్టిల్ పడితే పత్రంలో ఉన్నదంతా నిజమని తేలినట్టే అనుకుంటారు. అది నిజం కాదు. 1961 అక్టోబరు 5 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం ఆ చతురస్రపు ముద్ర చెప్పేది సంతకం అసలైనదా, సంతకం చేసినవారి హోదా ఏమిటి, పత్రం మీద ముద్ర ఎవరిది అన్నంతవరకే. లోపల మీ పేరు తప్పుగా ఉంటే అపోస్టిల్ తర్వాత కూడా తప్పుగానే ఉంటుంది. తర్వాత సరిచేయించుకుంటే కొత్త ప్రతి తీసుకోవాలి, దానికి మళ్లీ అపోస్టిల్ వేయించాలి, మళ్లీ అనువాదం చేయించాలి. అంతా మొదటికి వస్తుంది.

మీ జనన ధ్రువపత్రంలో తప్పేమీ కనిపించడం లేదు, దాన్ని కదపకండి. పేరు కుదించింది పాస్‌పోర్టు. వీలుంటే అక్కడే ఇంటిపేరు పూర్తిగా రాయించుకుని, నివాస కార్డులోనూ మార్పించుకోండి. అఫిడవిట్ మీరు ప్రమాణం చేసి చెప్పే మాట మాత్రమే, రిజిస్టరులోని పేరును అది మార్చదు. సవరణకు దారి లేనప్పుడు తోడుగా పనికొస్తుంది. అప్పుడైనా పాత, కొత్త పేర్లు రెండూ కనిపించే పత్రం ఏదైనా జతచేస్తేనే దానికి బలం.

ఇక మీ ప్రశ్నకు వస్తే, సాధారణంగా ముందు అపోస్టిల్, తర్వాతే అనువాదం. అపోస్టిల్‌ను ఆ పత్రం జారీ అయిన దేశపు అధికారులే వేయాలి, మీరు ఇప్పుడున్న దేశం వేయలేదు. అనువాదంలో వెనుక పేజీ, అంచుల్లోని రాతలు, ముద్రలు, అపోస్టిల్‌లోని పది అంశాలు అన్నీ రావాలి. అనువాదానికే మరో అపోస్టిల్ అడిగే కార్యాలయాలు కూడా ఉన్నాయి, వారు అడిగితేనే వేయించండి. తేదీల్లో నెలను అక్షరాల్లో రాయమని అనువాదకులకు చెప్పండి. 03/04 అని ఉంటే ఒక దేశంలో ఏప్రిల్, ఇంకో దేశంలో మార్చి అవుతుంది. పేరును మాత్రం ‘సరిచేయమని’ అడగకండి, పత్రంలో ఎలా ఉంటే అలాగే రాయడం మా బాధ్యత.

ఇంకొకరి జవాబు

పైన చెప్పినదానికి ఒక చేర్పు. పత్రం ఇచ్చిన దేశం, అడిగిన దేశం రెండూ ఒప్పందంలో ఉండాలి. సభ్యుల జాబితా మారుతూ ఉంటుంది. చైనాలో ఒప్పందం 2023 నవంబరు 7న, కెనడాలో 2024 జనవరి 11న అమల్లోకి వచ్చింది. కొత్త సభ్యదేశం మీద పాత సభ్యులు అభ్యంతరం తెలిపితే ఆ ఇద్దరి మధ్య ఒప్పందం వర్తించదు. అందుకని ఈ ఒప్పందాన్ని చూసుకునే అంతర్జాతీయ సంస్థ హేగ్ సదస్సు వెబ్‌సైటులో రెండు దేశాల పేర్లూ చూసుకోండి. మీకు సంబంధించినవన్నీ ఐరోపా సమాఖ్య దేశాలే అయితే 2019 ఫిబ్రవరి 16 నుంచి జనన, వివాహ పత్రాలకు అపోస్టిల్ అవసరమే లేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక విషయం ముందే చెప్పాల్సింది. మా పెళ్లి నమోదైంది నా సొంత దేశపు కాన్సులేట్‌లో. ధ్రువపత్రం ఇచ్చింది కూడా వారే.

అనువాదకురాలి జవాబు

అయితే దారి మారుతుంది. దౌత్య, కాన్సులర్ అధికారులు జారీచేసిన పత్రాలకు ఆ ఒప్పందం వర్తించదని మొదటి అధికరణంలోనే ఉంది. ఆ పత్రానికి అపోస్టిల్ కోసం తిరగకండి. పౌరసత్వ కార్యాలయానికి ‘ఇది కాన్సులేట్ ఇచ్చిన పత్రం, దీనికి ఏ ధ్రువీకరణ కావాలి?’ అని రాసి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి. అదే వివాహం మీ దేశపు రిజిస్టరులోనూ నమోదై ఉంటే, అక్కడి నుంచి తీసుకున్న ప్రతికి అపోస్టిల్ వేయించుకునే వీలుండవచ్చు. అదీ కనుక్కోండి.

పోలీసు క్లియరెన్స్ ఇప్పుడే వద్దు. దానికి గడువు ఉంటుంది, పేరు సవరణకు ఎంత కాలం పడుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చాక, అందులోని పేరుతోనే పెట్టుకోండి.

ఏ పత్రాన్నీ లామినేషన్ చేయించకండి. అపోస్టిల్ కాగితం పిన్నుతో జతచేసి ఉంటే స్కాన్ కోసమైనా ఊడదీయకండి. మడిచి తీసినా ఫరవాలేదు.