అప్‌డేట్: పిల్లలకు కుటుంబ చరిత్ర మీద ఆసక్తి ఎలా వచ్చిందంటే

వంశవృక్షం చార్టు చూపిస్తే ఆరేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు కాసేపటికే లేచి వెళ్లిపోతున్నారు, ఏం చేయాలి అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ప్రశ్నలు పిల్లల చేతే అడిగించమన్న సలహా బాగా పనిచేసింది. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో సైకాలజిస్టులు మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ తయారుచేసిన 20 ప్రశ్నలతో మొదలుపెట్టాం. అమ్మానాన్నలు ఎలా కలిశారు, తాతయ్యలు ఎక్కడ పెరిగారు లాంటివి. అసలు జాబితాకి తెలుసు, తెలీదు అని చెబితే చాలు. మేం మాత్రం తెలీనివన్నీ పిల్లలే పెద్దవాళ్లకి ఫోన్ చేసి కనుక్కునేలా చేశాం. రికార్డింగ్ బటన్ నొక్కే డ్యూటీ పాపది. "నాన్న చిన్నప్పుడు ఏ అల్లరి చేసి తిట్లు తిన్నాడు?" అని జాబితాలో లేని ప్రశ్న తనే వేసింది. నానమ్మ ఆపకుండా చెప్పుకుంటూ పోయింది! ఈ వయసు పిల్లలకి తేదీలకన్నా తమలాగే అల్లరి చేసిన మనిషి కావాలి.

బాబుకి లెక్క నచ్చింది. తల్లిదండ్రులు 2, వాళ్ల తల్లిదండ్రులు 4, ఆపైన 8. పదో తరానికి 1,024 గడులు. అప్పుడు పట్టించుకోని చార్టునే ఇప్పుడు తనే గీస్తున్నాడు.

డబ్బు కట్టే యాప్‌లు, డీఎన్ఏ టెస్టు మాకు అవసరమే పడలేదు. పాత ఫొటోలు మాత్రం ఒరిజినల్స్ ఇవ్వకండి, కాపీలే ఇవ్వండి. ఒరిజినల్స్ వెనక పేర్లు మీరే మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా రాసిపెట్టండి.