పెద్దవాళ్ల ఈతకు గడియారం కావాలా?

లేన్ 4:
ఆగకుండా 400 మీటర్లు ఈదగలిగి, వారానికి మూడుసార్లు పూల్‌కు వచ్చే పెద్దవాళ్ల గురించే ఈ ప్రశ్న. వీళ్లు టైమ్ చూసుకుంటూ సెట్లు (దూరాన్ని ముక్కలుగా విడగొట్టి, మధ్యలో కొలిచిన విశ్రాంతితో ఈదడం) చేయాలా, ఆరోగ్యం కోసం ఒకే తీరుగా ఈదుకుంటూ పోతే సరిపోతుందా? నా ఓటు సెట్లకే. 25 మీటర్ల పూల్‌లో రోజూ అవే 40 లెంగ్తులు (ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఒక లెంగ్తు) అదే వేగంతో ఈదితే మొదటి కొన్ని నెలలే మార్పు కనిపిస్తుంది. ఆ పనికి ఒళ్లు అలవాటు పడ్డాక కొత్తగా పెరిగేది పెద్దగా ఉండదు. పైగా అలిసిపోయిన చివరి పది లెంగ్తుల్లో మోచేయి జారుతుంది, నడుము కిందికి దిగుతుంది. రోజూ సాధన అయ్యేది ఆ తప్పుడు స్ట్రోకే. అదే వెయ్యి మీటర్లను 50 మీటర్ల చొప్పున 20 ముక్కలుగా, అంటే 20 యాభైలుగా విడగొడితే చాలా వరకు శుభ్రంగా ఈదొచ్చు.

నెమ్మదస్తుడు:
విడగొట్టి ఈదడానికి నాకేం అభ్యంతరం లేదండి, పేచీ అంతా గడియారంతోనే. నీటి అడ్డు దాదాపు వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని దాటే శక్తి ఘనంతో. అంటే వేగం పదో వంతు పెంచాలంటే శక్తి మూడో వంతు ఎక్కువ కావాలి. పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లు అంత శక్తి ఎక్కణ్నుంచి తెస్తారు? చేతులు గబగబా తిప్పేస్తారు. చెయ్యి తల ముందు మధ్యగీత దాటి అవతలికి పడుతుంది, కొన్నాళ్లకు భుజం పట్టేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ. గట్టున ఆగినప్పుడు మాట్లాడగలిగి, పాట పాడలేనంత ఆయాసం ఉంటే చాలు. దానికి స్టాప్‌వాచ్ దేనికి?

లేన్ 4:
మీరు చెప్పేది పందెం టైమింగ్, నేనంటున్నది బయల్దేరే టైమ్. రెండూ ఒకటి కావు. గోడ మీది పేస్ క్లాక్ (సెకన్ల ముల్లున్న పెద్ద గడియారం) చూసి 8 యాభైలు, ప్రతి 1 నిమిషం 15 సెకన్లకు (1:15) ఒకటి బయల్దేరాలి అనుకోండి. ముల్లు పైనున్నప్పుడు మొదటిది, 15 మీద రెండోది, 30 మీద మూడోది, 45 మీద నాలుగోది, ఐదోదానికి ముల్లు మళ్లీ పైకొస్తుంది. ఎన్నో యాభైలో ఉన్నామన్న లెక్క కూడా తప్పిపోదు. 55 సెకన్లలో వచ్చినవాళ్లకు 20 సెకన్ల విశ్రాంతి దొరుకుతుంది, 65లో వచ్చినవాళ్లకు పదే. గడియారం లేకపోతే ఆ విశ్రాంతి కబుర్లలో పడి రెండు నిమిషాలవుతుంది. (అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ ఒప్పుకోరు.) మొదటి యాభై 48లో, ఎనిమిదోది 1:05లో వస్తే అది కష్టపడ్డట్టు కాదు, మొదట తొందరపడ్డట్టు. అన్నీ రెండు సెకన్ల తేడాలో రావాలి.

బుడగలు:
ఇద్దరూ స్ట్రోకుల లెక్క వదిలేశారు. 25 మీటర్లకు ఎన్ని చేతులు వేశారో ప్రతి లెంగ్తుకూ లెక్కపెట్టండి. 22తో మొదలై 25 దాటితే టైమ్ బాగున్నా సరే సెట్ ఆపేయాలి, లేదా విశ్రాంతి పది సెకన్లు పెంచాలి. అలాగని లెక్క తగ్గించడానికి చెయ్యి ముందుకు చాపి జారుతూ ఉండిపోతే వేగం చచ్చి, మళ్లీ మొదలుపెట్టడానికి ఇంకా శక్తి ఖర్చవుతుంది. అందుకే రెండూ కలిపి చూడాలి: స్ట్రోకులు అంతే ఉండి టైమ్ తగ్గితే బాగుపడ్డట్టు, స్ట్రోకులు పెరిగి టైమ్ అంతే ఉంటే జారిపోతున్నట్టు. యాభైకే ఆయాసపడేవాళ్లకు తరచుగా లోపం గుండెలో కాదు, ఊపిరి వదలడంలో. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ బుడగలు వదలాలి. తల తిప్పాక వదిలి, పీల్చి, రెండూ చేయబోతే సమయం చాలదు. వీళ్లకు ముందు గడియారం వద్దు, ఇది కావాలి. ఇంకోమాట: ఈదే ముందు గబగబా ఊపిరి తీసి, నీటి కింద ఊపిరి బిగబట్టి ఎంత దూరం పోగలమో చూసే ఆటలు వద్దు. హెచ్చరిక లేకుండా స్పృహ తప్పుతుంది.

లేన్ 4:
సరే, అది దాటినవాళ్లకు వేగం ఎంత పెట్టుకోవాలో అంచనాతో కాకుండా పరీక్షతో తేల్చొచ్చు. వార్మప్ అయ్యాక 400 మీటర్లు గట్టిగా, సమానంగా ఈదాలి. బాగా కోలుకునేదాకా తేలిగ్గా ఈది, తర్వాత 200 గట్టిగా. పెద్ద టైమ్‌లోంచి చిన్నది తీసి రెండుతో భాగిస్తే 100 మీటర్లకు నిలకడ వేగం వస్తుంది. 400కి 9:20, 200కి 4:30 అయితే తేడా 290 సెకన్లు, సగం 145, అంటే 2:25. ఈ వేగంతో 100 మీటర్లు 8 సార్లు, మధ్యలో 20 సెకన్ల విశ్రాంతి.

నెమ్మదస్తుడు:
ఈ లెక్కలో ఒక గొయ్యి ఉంది. అలసటతో 200ని 4:40లో లాగించేస్తే జవాబు 2:20 వస్తుంది. మీకేమో బాగుపడ్డట్టు కనిపిస్తుంది! నిజానికి పరీక్ష చెడింది. 200 వేగమూ, 400 వేగమూ, నిలకడ వేగమూ మూడూ ఒక్కటే ఎలా అవుతాయి? ఆ అంకె పట్టుకుని సెట్ చేస్తే ఐదో వందకే చతికిలబడతారు. ఇంకా, 25 మీటర్ల పూల్‌లో గోడను తన్నే అవకాశాలు రెట్టింపు, అందుకే టైమ్ తక్కువ వస్తుంది. దాన్ని 50 మీటర్ల పూల్ టైమ్‌తో పోల్చి కుంగిపోకూడదు.

బుడగలు:
వయసు లెక్క కూడా చూసుకోవాలి. మాస్టర్స్ పోటీల్లో (పెద్దవాళ్ల ఈత పోటీలు) 25 ఏళ్ల నుంచి ఐదేసి ఏళ్ల విభాగాలు పెట్టింది ఊరికే కాదు. 50 దాటినవాళ్లు పక్క లేన్‌లోని పాతికేళ్ల వాళ్ల మీద పోటీకి దిగి పాడిల్స్ (అరచేతులకు తొడుక్కునే పలకలు) తగిలించుకుంటారు. అరచేతి కన్నా బాగా పెద్ద పాడిల్ అంటే భుజం మీద అంత అదనపు బరువు. ఇక ఎముకల సంగతి: ఈత ఎంత వేగంగా ఈదినా వాటికి తగినంత బరువు పడదు. పూల్ బయట బరువులెత్తే పని విడిగా ఉండాల్సిందే, అది ఇద్దరి వాదనలోనూ లేదు.

లేన్ 4:
ఒప్పుకుంటాను. అయితే మూడు రోజుల్లో ఒకరోజు నిలకడ వేగం సెట్, ఒకరోజు స్ట్రోకుల లెక్కతో యాభైలు, ఒకరోజు వాచీ లేకుండా సాగే ఈత. ఇది కుదురుతుందా?

నెమ్మదస్తుడు:
మూడో రోజు మీద గొడవ లేదు. మొదటిది భుజం నొప్పి లేనివాళ్లకు మాత్రమే. రెండో రోజు కూడా వాచీ తీసేసి, లెక్క ఒక్కటే పెట్టుకోమంటాను.